న్యూటన్‌లో తయారైన మేటాగ్ జత: మా బేస్‌మెంట్ డైరీ

ఫిబ్రవరి

ఇంట్లో ఉన్న ఫ్రంట్ లోడర్‌కి సర్క్యూట్ బోర్డు పోయింది. తలుపు లాక్ పడి ఉంది, లోపల నీళ్లూ దుప్పట్లూ, బయట తెర మీద ఒక ఎర్రర్ కోడ్. బోర్డు ధర, మెకానిక్ కూలి కలిపితే కొత్త మిషన్ ధరలో సగం దాటుతోంది. అంత పెట్టి బాగుచేయించినా మళ్లీ ఎన్నాళ్లు నడుస్తుందో చెప్పేవాళ్లు లేరు. అందుకే చాలాకాలంగా మనసులో ఉన్న పని మొదలుపెట్టాను. పాతకాలపు వాషర్, డ్రయర్ జత ఒకటి వెతికి, బాగుచేసి, రోజూ వాడుకోవాలి.

ఈ 'రోజూ' అన్నది ముఖ్యం. అమెరికాలో పాత వాషింగ్ మిషన్లను సేకరించేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకు రంగు, క్రోమ్, అసలు స్టిక్కర్లు అన్నీ ఉండాలి. నాకు వాటితో పనిలేదు. నలుగురున్న ఇంట్లో పడే బట్టలన్నీ అది ఉతకాలి, నీళ్లు కారకూడదు, కరెంటు షాక్ కొట్టకూడదు, పాడైతే నేనే విప్పి సరిచేయగలగాలి. పైన గీతలు పడి ఉన్నా ఫర్వాలేదు.

ఏ కంపెనీది అన్న దగ్గర మూడు పేర్లు మిగిలాయి. ఒకటి జనరల్ మోటార్స్ వాళ్లు చేసిన ఫ్రిజిడెయిర్. అవును, కార్ల కంపెనీయే. దాని ఆజిటేటర్, అంటే బుట్ట మధ్యలో నిలబడి బట్టలను కదిలించే రెక్కల స్తంభం, అటూ ఇటూ తిరగదు, పైకీ కిందికీ కొట్టుకుంటుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది కానీ, 1979లో జనరల్ మోటార్స్ ఆ వ్యాపారాన్నే అమ్మేసింది. ఆ మిషన్లకు విడిభాగాలు దొరకడం గగనం. రెండోది సియర్స్ దుకాణాల్లో కెన్‌మోర్ పేరుతో అమ్ముడైన వర్ల్‌పూల్ బెల్టు మిషన్. గట్టిది, ఎక్కడ చూసినా కనిపిస్తుంది. కాకపోతే అందులో ఉతకడానికీ పిండడానికీ మధ్య మార్పు చేసే పని రెండు సోలనాయిడ్లు (కరెంటు పెడితే లాగే అయస్కాంతాలు) ఉన్న ఒక ఊగే చెయ్యిది. దాన్ని 'విగ్‌వాగ్' అంటారు. దాని వైర్లు అటూ ఇటూ ఊగి ఊగి తెగుతుంటాయి. మూడోది మేటాగ్.

మేమున్నది అయోవా రాష్ట్రంలో, డెమోయిన్ నగరం పక్కన. మేటాగ్ పుట్టిన న్యూటన్ ఇక్కడికి తూర్పున అరగంట ప్రయాణం. చుట్టుపక్కల పల్లెల్లో ఏ ఇంటి బేస్‌మెంట్‌లో చూసినా ఒక మేటాగ్ ఉండేదని మా పక్కింటి పెద్దాయన చెబుతుంటాడు. ఇంత దగ్గరలో పెట్టుకుని వేరేది వెతకడం దేనికి?

ఫిబ్రవరి చివర, వెతుకులాట

సెకండ్ హ్యాండ్ ప్రకటనల్లో దొరికేవి ఎక్కువగా గరాజ్‌ల నుంచి వస్తాయి. అయోవా చలికాలంలో గరాజ్‌లో పెట్టిన వాషర్ అంటే అనుమానించాల్సిందే. పంపులోనో ఇన్‌లెట్ వాల్వ్‌లోనో కాసిని నీళ్లు మిగిలి గడ్డకడితే చాలు, పగులుతుంది. బయటికి కనిపించదు, నీళ్లు పట్టాకే తెలుస్తుంది. అందుకే ఎస్టేట్ సేల్స్ మీద దృష్టి పెట్టాను. ఇంటి పెద్దవాళ్లు పోయాకో, వృద్ధాశ్రమానికి వెళ్లాకో ఇంట్లో సామానంతా అమ్మకానికి పెట్టడం ఇక్కడ మామూలే. ఆ ఇళ్లలో మిషన్ బిగించిన చోటు నుంచి కదిలి ఉండదు.

వెళ్లేటప్పుడు టార్చిలైటు తీసుకెళ్తాను. చూసేది కొంచెమే. కింద నేల మీద నూనె మరక ఉందా? ఉంటే గేర్‌బాక్స్ సీలు పోయినట్టు, అది వదిలేయాలి. మూత ఎత్తి లోపలి బుట్ట అంచు పట్టుకుని పక్కలకు ఊపితే ఎంత ఆడుతోంది? బుట్ట లోపలి ఎనామెల్ పెచ్చులూడిందా? ఊడినచోట తుప్పు పడుతుంది, ఆ తుప్పు తెల్లబట్టలకు అంటుతుంది. ఆ పైన కరెంటు పెట్టి స్పిన్‌లో, అంటే బట్టలు పిండే దశలో, తిప్పమని అడగాలి. పెద్ద శబ్దం వస్తే నేనేమీ భయపడను. శబ్దం ఎక్కడ్నుంచి వస్తోందన్నదే చూసుకుంటాను.

మేటాగ్‌లో ఒక సౌకర్యం ఉంది. సీరియల్ నంబరు చివర రెండు అక్షరాలుంటాయి. ఒకటి తయారైన సంవత్సరానికి, ఇంకొకటి నెలకు గుర్తు. అమ్మేవాళ్లు 'మా అమ్మమ్మ కాలంది' అన్నా, 'ఎక్కువ వాడలేదు' అన్నా ఆ రెండక్షరాలు చూసుకుంటే చాలు.

న్యూటన్‌కు ఉత్తరాన ఒక మొక్కజొన్న రైతు ఇంట్లో దొరికింది. వాషర్ ఏ612, డ్రయర్ డీఈ612. రెండూ 1980ల తొలి ఏళ్లవి, బాదంపప్పు రంగు. ఒకే రోజు కొన్నవట, ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయి. జత 80 డాలర్లు. వాషర్ స్పిన్‌లో దడదడలాడుతోంది, మధ్యలో నుంచి కాస్త నీరు కారుతున్న మరక ఉంది. డ్రయర్ తిరుగుతోంది, వేడెక్కుతోంది, కానీ గీరుకుపోతున్న చప్పుడు. ఇంటావిడ ఆ చప్పుడు తనకు అలవాటైపోయిందని నవ్వింది.

మిషన్లు మెట్లెక్కించి ఇంటికి తేవడానికి మా ఆఫీసులో పనిచేసే ఒంగోలు కుర్రాడు వచ్చాడు. బేస్‌మెంట్ మెట్ల మీద వాషర్ బరువు చూశాక, "అన్నా, దీన్ని పైకి తేవడానికి మనం, మళ్లీ మీ ఇంట్లో కిందకి దించడానికి మనమే. ఈ మధ్యలో మనం సాధించింది ఏంటి?" అన్నాడు. సమాధానం చెప్పే ఓపిక నాకు లేదు.

మార్చి, విప్పడం

ముందు ప్లగ్ పీకేశాను. ఈ మిషన్ విప్పిన ప్రతిసారీ మొదటి పని అదే.

ముందు పలక అడుగున రెండు స్క్రూలు. అవి తీసి పలకను కింద నుంచి ముందుకు లాగితే ఊడి వస్తుంది. పై మూలల్లో ఇంకో రెండు బోల్టులు తీస్తే పైభాగమంతా కారు బానెట్‌లా వెనక్కి లేస్తుంది. అంతే, మిషన్ మొత్తం కళ్ల ముందు ఉంటుంది. కొత్త మిషన్లో దేన్నైనా చేరాలంటే ముందు క్లిప్పులు విరగ్గొట్టుకోవాలి. ఇక్కడ బాగుచేసేవాడు వస్తాడని అనుకునే డిజైన్ చేశారు. 1967 నుంచి ఈ కంపెనీ ప్రకటనల్లో ఎవరూ పిలవక ఒంటరిగా కూర్చున్న మెకానిక్‌ను చూపించేవాళ్లు. కానీ వాడు వస్తే పని ఎంత సులువో ఆ ప్రకటనల్లో చెప్పలేదు.

లోపల ఉన్నదెంతో కాదు. ఒక మోటారు, రెండు బెల్టులు, ఒక పంపు, ఒక గేర్‌బాక్స్. మోటారు రెండు వైపులా తిరుగుతుంది. తెలివంతా అక్కడే ఉంది. ఒకవైపు తిరిగితే బుట్ట కదలదు, బ్రేకు పట్టుకుని ఉంటుంది. గేర్‌బాక్స్ లోపల ఆజిటేటర్ మాత్రం కవ్వంలా అటూ ఇటూ తిరుగుతుంది. అదే మోటారు రెండోవైపు తిరిగితే, కింది పుల్లీ తన షాఫ్ట్ మీదున్న మెలిక గాడి వెంట జరిగి బ్రేకు స్ప్రింగును నొక్కుతుంది. బ్రేకు వదులుతుంది, బుట్ట మొత్తం తిరగడం మొదలవుతుంది. స్పిన్ మధ్యలో మూత ఎత్తామా, మోటారు ఆగుతుంది, పుల్లీ వెనక్కి వస్తుంది, స్ప్రింగు బ్రేకును మళ్లీ బిగిస్తుంది. క్లచ్ లేదు, సోలనాయిడ్ లేదు. పంపు కూడా అదే మోటారుకు రెండో బెల్టుతో వేలాడుతుంది కాబట్టి స్పిన్ మొదలవగానే నీళ్లు తోడేస్తుంది. విడిగా డ్రెయిన్ అనే ఘట్టమే లేదు.

మరి బరువైన తడిబట్టల బుట్ట ఒక్కసారిగా కదలాలంటే మోటారుకు భారం పడదా? పడుతుంది. అందుకే మోటారును బోల్టులతో గట్టిగా బిగించలేదు. స్ప్రింగులున్న చిన్న పట్టాల మీద కూర్చోబెట్టారు. భారం పడగానే అది కాస్త లోపలికి జరుగుతుంది, బెల్టు కొంచెం జారుతుంది, బుట్ట వేగం పుంజుకున్నాక మళ్లీ బిగుసుకుంటుంది. బెల్టు జారడం ఇక్కడ లోపం కాదు. అది జారేలాగే తయారుచేశారు. ఇది తెలియనివాళ్లు కార్ల విడిభాగాల కొట్లో అదే కొలత బెల్టు తెచ్చి వేస్తారు. అది జారదు, మోటారు మూలుగుతుంది. కాబట్టి బెల్టుల విషయంలో బేరాలు లేవు. 12112425 నంబరు సెట్టే తెప్పించాను, రెండు బెల్టులూ అందులోనే వస్తాయి.

ఈ మిషన్‌లో పాత బెల్టు అద్దంలా నున్నబడి, అంచులు పేలికలై ఉంది. మోటారు పట్టాల్లో గ్రీజు ఎండి నల్లటి మైనమైంది. గోకి, తుడిచి, ప్లాస్టిక్ మీద పనికొచ్చే గ్రీజు పలచగా రాశాను. ఎక్కువ రాస్తే బెల్టు మీద పడుతుంది. పంపు బెల్టు వదులుగా ఉంచాలి. అది బిగుతుగా ఉంటే మోటారును పట్టాల మీద జరగనివ్వకుండా ఆపుతుంది, అప్పుడు అసలు బెల్టు పట్టూ విడుపూ రెండూ పోతాయి.

మార్చి చివర, టబ్ సీలు

మొత్తం ప్రాజెక్టులో టెన్షన్ పెట్టింది ఇదొక్కటే.

నీటి మరక మధ్యలో నుంచి వస్తోందంటే, బయటి టబ్బుకూ మధ్య షాఫ్ట్‌కూ నడుమ ఉండే సీలు పోయినట్టు. అది కారితే నీళ్లు కింద బేరింగు మీద పడతాయి. బేరింగు తుప్పుపట్టి అరవడం మొదలుపెట్టిందంటే చాలామంది మిషన్‌ను పారేస్తారు. ఇక్కడ బేరింగు ఇంకా నున్నగానే తిరుగుతోంది. సమయానికి చేరుకున్నాం.

సీలు దగ్గరికి వెళ్లాలంటే ముందు ఆజిటేటర్ ఊడాలి. నలభై ఏళ్ల సబ్బు దాన్ని షాఫ్ట్‌కి అతికించేసింది. బుట్టలోకి బాగా వేడినీళ్లు పట్టి కాసేపు వదిలేస్తే ప్లాస్టిక్ కాస్త వ్యాకోచిస్తుంది. తర్వాత కింది అంచు చుట్టూ తాడు వేసి నిటారుగా పైకి లాగాలి. పక్కకు వంచితే రెక్కలు విరుగుతాయి. వచ్చింది. దాని కింద ఏం కనిపించిందో రాయకపోవడమే మంచిది. ఒక బాబీ పిన్ను, రెండు పెన్నీలు, బూడిదరంగు జిగురు.

తర్వాత టబ్ పైమూత తీశాను. ఆపైన అసలు శత్రువు. బుట్టను పట్టి ఉంచే పెద్ద రింగ్ నట్. దీనికి మామూలు స్పానర్ పట్టదు, గాళ్లలో కూర్చునే ప్రత్యేకమైన స్పానర్ కావాలి. నకలు చేసి అమ్ముతున్నది ఒకటి తెప్పించాను. మందమైన ఇనుము, మీద సుత్తితో కొట్టడానికి అనువుగా ఉంది. కొట్టాల్సే వచ్చింది. తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా ఉంచి, హీట్ గన్‌తో వేడిచేసి, మళ్లీ నూనె. నట్ ఏ దిక్కుకు వదులవుతుందో మాన్యువల్లో చూసుకున్నాకే సుత్తి పట్టాలి. బలంతో గెలిచే పని కాదిది. గట్టి దెబ్బ ఒకటి, ఆగడం, నూనె, మళ్లీ ఒక దెబ్బ. కదిలిన చప్పుడు చెవికి తెలుస్తుంది, అప్పటిదాకా టంగుమన్న ఇనుము ఒక్కసారి మొద్దుగా మోగుతుంది.

బుట్ట పైకి తీశాక దాని వెనక వైపు చూస్తే, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ మందంగా పేరుకుని ఉంది. బట్టలు మెత్తగా ఉండాలని పోసే ఈ ద్రవం చల్లనీళ్లలో పూర్తిగా కరగదు. రెండు టబ్బుల మధ్య చీకట్లో మైనంలా పేరుకుంటుంది. పాత మిషన్ల కంపు అంటారే, ఎక్కువభాగం ఇదే. వాషింగ్ సోడా కలిపిన వేడినీళ్లతో, ప్లాస్టిక్ గరిటెతో గోకాను. ఇనుప పీచు వాడలేదు, ఎనామెల్ మీద గీత పడితే అక్కడ తుప్పు మొదలవుతుంది. మా ఇంట్లో సాఫ్ట్‌నర్ ఆరోజు నుంచి బంద్.

పాత స్టెమ్ (షాఫ్ట్ మీద బుట్ట కూర్చునే భాగం), సీలు కలిపి తీసి, రెండూ కొత్తవే వేశాను. పాత స్టెమ్‌ను ఉంచి సీలు ఒక్కటే మార్చేవాళ్లున్నారు, నాలుగు డబ్బులు మిగులుతాయి. కానీ ఒకదాని ముఖం మీద ఒకటి రాసుకుంటూ నీటిని ఆపేవి అవి. ఒకదాని మీద గాడి పడి ఉంటే రెండోది కొత్తదైనా అరిగిపోతుంది. మళ్లీ ఆ నట్‌తో కుస్తీ పట్టే ఓపిక ఎవరికుంది?

ఇక స్పిన్‌లో దడదడకు కారణం డ్యాంపర్ ప్యాడ్లు. టబ్బూ గేర్‌బాక్సూ కలిసి కింద ఒక వంపు పళ్లెం మీద ఈ ప్యాడ్ల సాయంతో జారుతూ ఊగుతాయి, చుట్టూ మూడు స్ప్రింగులు పట్టి ఉంచుతాయి. ప్యాడ్లు అరిగి లోహం లోహాన్ని కొడుతోంది. పాతవి గోకి, సెట్‌తో వచ్చిన జిగురుతో కొత్తవి అతికించి, ఆరనిచ్చి, సిలికాన్ గ్రీజు పూశాను. స్ప్రింగుల బోల్టులు సవరించి బుట్ట మధ్యలోకి వచ్చేలా చూశాను. చిన్న పనే, ఫలితం మాత్రం పెద్దది.

ఏప్రిల్, న్యూటన్‌లో ఒక శనివారం

ఒక విడిభాగం కోసం న్యూటన్ వైపు వెళ్లి, జాస్పర్ కౌంటీ హిస్టారికల్ మ్యూజియంలో ఆగాను. మేటాగ్ మిషన్ల వరస చూడాలంటే అక్కడే.

ఫ్రెడరిక్ లూయిస్ మేటాగ్, భాగస్వాములతో కలిసి 1893లో మొదలుపెట్టింది వ్యవసాయ పనిముట్ల కంపెనీ. నూర్పిడి యంత్రాలకు అమర్చే సామాను చేసేవాళ్లు. ఆ వ్యాపారం పంటకాలంలోనే ఉంటుంది. మిగతా నెలల్లో కార్ఖానా ఖాళీ. ఆ ఖాళీ నింపడానికి 1907లో చెక్క తొట్టి వాషర్ చేశారు. తర్వాత కరెంటు లేని పల్లెల కోసం పెట్రోలు ఇంజన్ తగిలించారు. 1922లో ఆజిటేటర్‌ను మూతకు కాకుండా టబ్ అడుగుకు మార్చి గైరాఫోమ్ అనే వాషర్ తెచ్చారు. నిన్నటిదాకా నేను తాడుతో లాగిన ఆజిటేటర్ తాతముత్తాతలు అవి. రైతు కుటుంబం ఇంట్లో దొరికిన నా మిషన్‌ను చూస్తే, మొదటి కొనుగోలుదారులూ చివరి కొనుగోలుదారులూ ఒకరేననిపించింది.

2006లో వర్ల్‌పూల్ మేటాగ్‌ను కొంది. 2007లో న్యూటన్ ఫ్యాక్టరీ మూతపడింది. నా లాంటివాళ్లకు దీని అర్థం ఏమిటంటే, బెల్టులు, సీళ్లు, పంపులు లాంటి ఎక్కువగా అరిగే భాగాలు దొరుకుతున్నాయి, టైమర్లు, ప్యానెల్ భాగాలు, రంగు పలకలు దొరకవు. కాబట్టి ఎవరైనా 'ఊరికే ఇస్తాం, తీసుకెళ్లండి' అంటే పనిచేయని మేటాగ్‌ను కూడా వదలకూడదు. దాని టైమర్, మూత స్విచ్, ఇన్‌లెట్ వాల్వ్, నాబులు విప్పి డబ్బాలో పెట్టుకోవాలి. నా దగ్గర అలాంటి డబ్బా ఇప్పటికే నిండింది. మా ఆవిడ దాన్ని విడిభాగాల డబ్బా అనడానికి ఒప్పుకోదు.

ఏప్రిల్ చివర, డ్రయర్

వాషర్‌కు 120 వోల్టులు చాలు. ఎలక్ట్రిక్ డ్రయర్‌కు 240 వోల్టులు, 30 ఆంపియర్లు. చెయ్యి పెట్టేముందు ఆ తేడా గుర్తుండాలి.

1996కు ముందు కట్టిన ఇళ్లలో డ్రయర్ ప్లగ్‌కు మూడు కాళ్లు. కొత్త నిబంధన వచ్చాక నాలుగు. మా ఇంట్లో నాలుగు కాళ్ల సాకెట్, పాత డ్రయర్‌కు మూడు కాళ్ల తీగ. నాలుగు కాళ్ల తీగ బిగించేటప్పుడు ఒక్కటి మరవకూడదు. పాత పద్ధతిలో న్యూట్రల్‌ను డ్రయర్ ఒంటికి కలిపే చిన్న పట్టీ లేదా వైరు ఉంటుంది, దాన్ని విడదీయాలి. తీయకపోయినా డ్రయర్ నడుస్తుంది. కానీ న్యూట్రల్ ఎక్కడైనా వదులైతే కరెంటు డ్రయర్ ఒంట్లోకి వస్తుంది. విడదీశాక, ఒంటికీ న్యూట్రల్‌కూ మధ్య సంబంధం లేదని మల్టీమీటర్‌తో చూసుకున్నాకే ప్లగ్ పెట్టాను. ఈ వాక్యాలు అర్థం కానివాళ్లు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి, ఇందులో మొహమాటం అనవసరం.

గీరుకునే చప్పుడుకు కారణం ముందు వైపు డ్రమ్ము జారే స్లైడ్లు. అరిగి, డ్రమ్ము అంచు కింది లోహాన్ని రాస్తోంది. స్లైడ్లూ వెనక రోలర్లూ బెల్టూ ఒకేసారి మార్చాను. డ్రమ్ము ఎలాగూ బయటికి వచ్చింది కదా. హీటర్ కాయిల్ నిరోధం 11 ఓమ్‌ల దగ్గర ఉంది. 240 వోల్టుల మీద 5 కిలోవాట్ల హీటర్‌కు అంతే ఉండాలి. దాన్ని ముట్టుకోలేదు.

డ్రమ్ము తీశాక డ్రయర్ పొట్టలో ఉన్న నూలుపొట్టు ఒక దిండుకు సరిపోతుంది. మోటారు మీద, హీటరు పక్కన కూడా. డ్రయర్ అగ్నిప్రమాదాలకు ముఖ్యకారణం శుభ్రం చేయకపోవడమేనని అమెరికా అగ్నిమాపక శాఖ ఏటా చెబుతూనే ఉంటుంది. జల్లెడలో పట్టిన పొట్టు అందరూ తీస్తారు, జల్లెడ దాటి పోయింది ఎవరూ చూడరు. వాక్యూమ్‌తో పీల్చి, బ్రష్షుతో దులిపి, గోడలోకి వెళ్లే గొట్టాన్ని కూడా మార్చాను. ముడతలుపడే వెండిరంగు రేకు గొట్టం తీసేసి, 4 అంగుళాల నున్నటి లోహపు గొట్టం వేశాను. ముడతల్లో పొట్టు చిక్కుకుంటుంది, నున్నటి గొట్టంలో చిక్కుకోదు. డ్రయర్ పాతదైనా కొత్తదైనా ఈ పని తప్పదు.

మే, వాడకం

నేల మీద పాత పేపర్లు పరిచి, ఖాళీ బుట్టతో ఒక పూర్తి సైకిల్, తర్వాత తువ్వాళ్లతో ఇంకోటి. పేపర్లు పొడిగా ఉన్నాయి. స్పిన్‌లో బుట్ట ఊగింది, మిషన్ ఊగలేదు.

ఉతికేటప్పుడు మూత ఎత్తి చూడొచ్చు. దుప్పటి అంచు మునిగి, మధ్యలోకి లాగబడి, మళ్లీ బయటి అంచున తేలుతుంటే, అది శుభ్రమవుతోందని కంటికి తెలుస్తుంది. మొత్తం పని అరగంట పైచిలుకులో అయిపోతుంది. మా ఫ్రంట్ లోడర్ గంటన్నర ఆలోచించేది.

ఇప్పుడు చేదు సంగతులు. నీళ్లు బాగా తాగుతుంది. నిండు లోడుకు 150 లీటర్ల దాకా. కొత్త మిషన్లు అందులో సగం కూడా వాడవు. అందుకే సగం బట్టలకు నీటిమట్టం తగ్గించే నాబు తప్పకుండా వాడుతున్నాం. స్పిన్ వేగం నిమిషానికి 600 చుట్ల పైచిలుకు. కొత్త ఫ్రంట్ లోడర్లు వెయ్యి దాటతాయి. బట్టలు కాస్త ఎక్కువ తడిగా బయటికొస్తాయి, డ్రయర్ ఎక్కువసేపు తిరగాలి, కరెంటు కాలుతుంది. బిల్లు చూసే లెక్కవేసుకుంటే పాత మిషన్ గెలవదు. కొత్త మిషన్ ఎన్నేళ్లకోసారి మార్చాలో కూడా లెక్కలో వేస్తే మాట మారుతుంది. నీటికి కటకటగా ఉండే ఊళ్లో ఉంటే మాత్రం ఈ పని చేసేవాణ్ని కాదు.

చీరలు, చున్నీలు, పైజామా బొందులు ఆజిటేటర్ చుట్టూ పెనవేసుకుంటాయి. వాటిని వల సంచిలో వేసి జిప్పు పెట్టాల్సిందే. పట్టుకు ఇందులో చోటే లేదు. డిటర్జెంట్ విషయంలో ఒక మాట. ఈ మిషన్లు తయారైన కాలంలో పౌడర్లలో ఫాస్ఫేట్లుండేవి. చెరువుల్లో నాచు పెరుగుతోందని తర్వాత తీసేశారు. ఇక్కడి గట్టినీటిలో ఇప్పటి పౌడరు ఒక్కటే వేస్తే తెల్లబట్టలు బూడిదరంగుకు తిరుగుతాయి. గుప్పెడు వాషింగ్ సోడా కలుపుతున్నాం, తేడా కనిపిస్తోంది.

నెల మధ్యలో అమ్మ తెనాలి నుంచి వచ్చింది. బేస్‌మెంట్‌లోకి దిగి చూసి, "ఇదేంట్రా, ఇంత సంపాదిస్తూ పాతసామానోడి దగ్గర కొన్నావా?" అంది. కోడలి వైపు తిరిగి, "నువ్వైనా చెప్పలేకపోయావా అమ్మాయ్?" అని కూడా అడిగింది. మా ఆవిడ డబ్బా సంగతి చెప్పింది.

రెండు రోజులు గడిచేసరికి మిషన్ అమ్మ చేతిలోకి వెళ్లిపోయింది. తలుపు లాక్ పడదు కదా, ఉతుకుతుండగా మూత ఎత్తి, మిగిలిపోయిన తువ్వాలు వేసి మళ్లీ మూస్తుంది. తెల్లటివి సబ్బునీళ్లలో నానాలంటే మధ్యలో నాబు లోపలికి నొక్కి ఆపేస్తుంది, పూజ ముగించుకుని వచ్చి బయటికి లాగుతుంది, ఆగినచోటి నుంచే మొదలవుతుంది. "పాత ఫ్రంట్ లోడర్లో ఇది కుదిరేది కాదమ్మా" అన్నాను. "దానికి మన మాట వినే ఓపిక ఎక్కడిదిరా" అంది. డ్రయర్‌ను మాత్రం ఒప్పుకోలేదు. ఎండ ఉన్నరోజు డెక్ మీద తాడు కట్టి ఆరేస్తోంది. వేసవిలో డ్రయర్ కరెంటు మిగులుతోంది కాబట్టి నాకూ అభ్యంతరం లేదు.

జూన్, మిగిలిన పనులు

డ్రెయిన్ హోస్ ఇంకా పాతదే, వంగినచోట సన్నటి పగుళ్లు కనిపిస్తున్నాయి. ఈ వారం మారుస్తాను. నీటి ఇన్‌లెట్ గొట్టాలు రబ్బరువి తీసేసి స్టీలు అల్లికవి ఎప్పుడో వేశాను, అవి పగిలితే బేస్‌మెంట్ మునుగుతుంది కాబట్టి అది మొదటివారంలోనే అయిపోయింది.

టైమర్ ఒక్కోసారి రిన్స్‌కు ముందు కాసేపు ఆగుతోంది. కాంటాక్టులు శుభ్రం చేస్తే సరిపోవచ్చు, లేకపోతే డబ్బాలో ఉన్న రెండో టైమర్ వేయాలి. ముందు వైర్ల ఫొటో తీసుకుని, ఒక్కొక్క వైరుకూ టేపు కట్టి నంబరు రాసుకున్నాను.

పై పలక మీద పాత ఇంట్లో బ్లీచు సీసా పెట్టిన చోట గుండ్రటి మరక ఉంది. దానికి రంగు వేద్దామా అని ఒంగోలు కుర్రాడు అడిగాడు. వద్దన్నాను. వాళ్లింట్లోనూ వాషర్ చప్పుడు చేస్తోందట, శనివారం టార్చిలైటు తీసుకుని రమ్మన్నాడు.